భూగోళం బాబాయి

పెళ్ళి బస్సు సిద్ధాంతం దగ్గర వంతెన ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్న మా అక్క కూతురు "అమ్మా, గోదారి!" అని ఒక్క అరుపు అరిచి, గుప్పెట్లో దాచుకున్న రూపాయి బిళ్ళ విసరబోయింది. వెనక సీట్లోంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"గోదావరి కాదమ్మా. గోదావరి ధవళేశ్వరం దిగువనే చీలిపోయింది. ఇది వశిష్ఠ. పాయ."

పిల్ల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాయకి రూపాయి వెయ్యాలా, అర్ధరూపాయి చాలా? అది తేల్చుకునేలోగా వంతెన అయిపోయింది. ఏడుపు అందుకుంది. "ఊరుకో తల్లీ, రావులపాలెం దాటగానే గౌతమి వస్తుంది. అందులో వేద్దువుగాని" అన్నాడాయన. "అదీ పాయే కదా బాబాయ్?" అంది అక్క పళ్ళు నూరుతూ.

"పాయే. కాకపోతే పెద్ద పాయ."

ఈయన్ని మీరెరుగుదురు. మీ బస్సులోనూ ఉంటాడు. కిటికీ సీటు అడగడు, కానీ కిటికీలోంచి కనిపించే ప్రతిదాని మీదా హక్కు ఆయనదే. బస్సంతా నిద్రపోతున్నా తను పోడు; ఎవరో ఒకరు లేచి, కళ్ళు నులుముకుని, బయటికి చూసి, ఏదో ఒక తప్పు మాట అనకపోతారా అని కాచుకుని ఉంటాడు. మా ఇంట్లో ఆయన పేరు భూగోళం బాబాయి. బళ్ళో భూగోళం చెప్పి ఉంటాడనుకుంటారు అందరూ. కాదు. ట్రెజరీలో పింఛను బిల్లులు పాసు చేసి రిటైరయ్యాడు. అసలు భూగోళం మాస్టార్లు రిటైరయ్యాక భూగోళం ఊసెత్తరు, మోకాళ్ళ నొప్పులకి ఏ నూనె మంచిదో మాట్లాడుకుంటారు. ఈ జబ్బు పక్క డిపార్టుమెంటు వాళ్ళకే వస్తుంది.

ఆయన పెట్టుబడంతా ఆరో తరగతిలో బెత్తం దెబ్బలు తిని కంఠతా పట్టిన నాలుగు నిర్వచనాలు. మూడు వైపులా నీరు, ఒక వైపు భూమి ఉంటే ద్వీపకల్పం. రెండు భూభాగాలను కలిపే సన్నని నేల భూసంధి. రెండు సముద్రాలను కలిపే సన్నని నీరు జలసంధి. నిద్రలో లేపి అడిగినా కామా పోకుండా చెబుతాడు. "అయితే ఈయన పడక్కుర్చీ ద్వీపకల్పమే" అంటుంది పిన్ని. "మూడు వైపులా పాత పేపర్లు, ఒక వైపు గోడ. చీపురు పట్టుకెళ్ళడానికి భూసంధి కూడా లేదు." ఒకనాడు విసుగెత్తి "మీ భూగోళాన్ని తీసుకెళ్ళి బంగాళాఖాతంలో కలపండి" అంది. ఆయనకి కోపం రాలేదు. పైగా ముఖం వెలిగిపోయింది. "అఖాతమంటే ఏమిటో తెలుసా? మనుషులు తవ్వనిది. అంటే దేవుడు తవ్విన చెరువు" అన్నాడు. ఆయన్ని తిట్టడం కూడా కష్టమే, తిట్టులోంచి వ్యుత్పత్తి లాగుతాడు.

ఆయన రక్తపోటు పెరిగేది పొద్దున పేపరు వచ్చాక. "శేషాచలం కొండల్లో" అని ఉంటుంది. "అచలమంటేనే కొండ. కొండ కొండలేమిట్రా?" నల్లమల కొండలకీ ఎర్రమల కొండలకీ అదే శిక్ష, మల అన్నా కొండే కాబట్టి. ఇక "వెలిగొండ కొండలు" అని అచ్చయిన రోజున పిన్ని ముందుచూపుతో రెండో కాఫీ కలిపేస్తుంది. "గొండ, గొండ అని పేరే మొత్తుకుంటుంటే మళ్ళీ పక్కన కొండలా!" కొల్లేరు మీద ఇంకో కేసు. పేరులో ఏరు ఉంది, అది ఏరు కాదు, సరస్సు. బుడమేరూ తమ్మిలేరూ వచ్చి అందులో పడతాయి, అవి నిజంగా ఏర్లే. అందులోంచి సముద్రానికి పోయే ఉప్పుటేరూ ఏరే. "మూడు నిజం ఏర్ల మధ్య ఒక దొంగ ఏరు. పిల్లలు ఎలా బాగుపడతారు?" హైదరాబాదు వెళ్తే హుస్సేన్ సాగర్ ఒడ్డున నిలబడి, సాగరమంటే సముద్రమనీ, ఇది కుతుబ్‌షాహీల నాటి చెరువనీ మొక్కజొన్న పొత్తులమ్మే అబ్బాయికి విన్నవిస్తాడు. ఆ అబ్బాయి ఉప్పూ కారం వెయ్యాలా అని అడుగుతాడు.

ఒక్కచోట మాత్రం నేను ఆయనతో ఒప్పుకోను. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది. వాన చుక్క కోసం మొహం వాచిన సీమలో సముద్రమేమిటని ఆయన గోల. నాకు మటుకు అలాంటి చోట చెరువు కట్టి నింపినవాడికి దాన్ని సముద్రమనే హక్కు పూర్తిగా ఉందనిపిస్తుంది. తీరంలో పుట్టినవాళ్ళకి సముద్రం ఊరికే వచ్చింది కాబట్టి మాట దగ్గర పొదుపు.

కనుమల దగ్గర మాత్రం ఆయనకి దండం పెట్టాలి. కనుమ అంటే కొండల నడుమ దారి. ఘాట్ అన్నా మొదట అదే అర్థం. తెల్లవాళ్ళు వచ్చి, ఎక్కే దారి పేరు పట్టుకుని కొండల వరస మొత్తానికి తగిలించారు. మనం దాన్ని బుద్ధిగా తెలుగు చేసుకుని తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని బళ్ళో చెప్పుకుంటున్నాం. అంటే ఇల్లు చూపించి గుమ్మం అన్నట్టు. "కనుమనాడు ప్రయాణం పనికిరాదంటారు. మరి కనుమ ఉన్నదే ప్రయాణానికి కదరా" అని ఏటా పండక్కి ఒకసారి అంటాడు, మేమూ ఏటా ఒకసారి నవ్వుతాం.

కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. కొత్తిల్లు కొని "నాన్నా, లేక్ వ్యూ!" అని ఫోటో పంపాడు. ఈయన రెండు రోజులు అట్లాస్ ముందు కూర్చున్నాడు. టెక్సాస్‌లో లేకులు దాదాపు అన్నీ ఆనకట్ట వేసి కట్టుకున్నవేనని తేల్చుకుని జవాబు రాశాడు: "చెరువుగట్టు మీద ఇల్లన్నమాట. సంతోషం. దోమలు జాగ్రత్త." కోడలు నెల్లాళ్ళు ఫోను చెయ్యలేదు.

ఆ పెళ్ళి సంగతికొస్తాను. రెండో బంతిలో ఆయన పక్కన కూర్చునే భాగ్యం నాకు కలిగింది. అటువైపు పెళ్ళికొడుకు మేనమామ, గంజి పెట్టిన పంచెలో. ఈ మధ్య నెల్లూరు వైపు వెళ్ళి పులికాట్ సరస్సు చూసొచ్చామని ఆయన అన్నాడు, పాపం. బాబాయి తింటున్న గారె కింద పెట్టేశాడు. రసం తెచ్చిన కుర్రాణ్ణి చేత్తో ఆపి, ఆకు మీద అన్నాన్ని వేళ్ళతో ఒత్తి పొడుగ్గా గట్టులా కట్టాడు. "ఇదీ శ్రీహరికోట. ఇటు బంగాళాఖాతం, పొయ్యి బాబూ. చాలు. అటు పులికాట్. అందులోనూ పొయ్యి." కుర్రాడు భయభక్తులతో పోశాడు. అన్నపు గట్టుకి అటూ ఇటూ రసం నిలబడింది. "ఇలాంటి సరస్సుల్లో చిలికా తరవాత మన దేశంలో ఇదే పెద్దది. ఇటునుంచి అరణి, కాళంగి మంచినీళ్ళు తెస్తాయి, అటునుంచి పోటుకి ఉప్పునీళ్ళు వస్తాయి. అటు ఉప్పనా కాదు, ఇటు చప్పనా కాదు. ఈ రసంలాగే." వంటాయన దూరం నుంచి తలెత్తి చూశాడు. "ఆ ఉప్పునీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? ముఖద్వారం నుంచి. అది పూడిపోయిందా, సరస్సు పనైపోయినట్టే" అంటూ గట్టుకి చిటికెనవేలుతో ముఖద్వారం తెరిచాడు.

అన్నం తడిసి ఉంది. ముఖద్వారం దగ్గర ఆగలేదు. శ్రీహరికోట సగం కొట్టుకుపోయి, రెండు వైపుల రసమూ ఏకమై, ఆకు అంచు దాటి, బల్ల మీంచి మేనమామగారి పంచె మీదకి దిగింది. ఆయన లేచి గంతేశాడు. బాబాయి తన కండువాతో ఆ పంచె అద్దుతూ, "దీన్ని గండి అంటారండీ" అని మొదలెట్టాడు. "కట్ట తెగినా గండే, కొండ తెగినా గండే. ఎర్రమలని పెన్న కోసుకుపోయిన చోటు కాబట్టే అది గండికోట..." మేనమామ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి మళ్ళీ ఆ బంతికి రాలేదు.

తిరుపతి ప్రయాణాల్లోనూ ఇంతే. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లాడు కవర్లో వాంతి చేసుకుంటుంటే, వాడి తల కిటికీ వైపు తిప్పి కొండకోత చూపిస్తాడు. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు, నడుమ ఒక గీత. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని బోర్డు కూడా ఉందట. "ఈ గీత దగ్గర కోట్ల ఏళ్ళ లెక్క గల్లంతురా. మా ట్రెజరీలో అయితే ఆడిట్ వాళ్ళు ఊరుకునేవాళ్ళా?" గోవింద నామం చెబుతున్న బస్సులో ఆయనొక్కడే సృష్టిలో పోయిన వోచర్ల కోసం బెంగపడుతుంటాడు.

ఇలాంటి మనిషికి ఎదురు లేదనుకున్నాం. వరంగల్లు నుంచి వియ్యంకుడు వచ్చేదాకా. ఆయన కాఫీ సాసర్లో పోసుకుని నెమ్మదిగా అడిగాడు. "బావగారూ, మా పొలం పక్కపొంటి ఒర్రె ఉంటది. వాన పడితే పారుతది, లేకుంటే ఎండుతది. నాలుగు ఒర్రెలు కలిస్తె వాగు. మీ బుక్కుల ఒర్రెకు ఏం పేరున్నది?"

బాబాయి ఆలోచించాడు. "సెలయేరు."

"సెలయేరు సినిమా పాటల్ల ఉంటది బావగారూ. మా ఊర్ల లేదు." ఆపైన చెరువు మత్తడి దుంకడం గురించి చెప్పాడు. అలుగు పారడమే అది అని బాబాయి గొణిగాడు గానీ, దుంకడం ముందు పారడం తేలిపోయింది. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని పిన్ని చెప్పింది. ట్రెజరీ నాటి రిజిస్టరొకటి ఉంది, వరుస సంఖ్య, పేరు, రిమార్కులు అని గళ్ళు గీసినది. అందులో ఒర్రె ఎక్కింది. రిమార్కుల గడిలో "విచారించవలెను" అని ఉంది.

విచారణ కోసమే కాబోలు, కార్తీకంలో నన్ను అంతర్వేది లాక్కెళ్ళాడు. పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపేది నల్లగా, కమ్మీలా ఉన్న ముసలాయన. మాటకోసారి ఆయ్ అంటాడు. బాబాయి ముందు కూర్చుని చెయ్యి చాపి, "వశిష్ఠ సముద్రంలో కలిసే ముఖద్వారం అదేనా?" అన్నాడు.

"ముఖద్వారమేటండి, గుళ్ళో ఉంటాది గాని. దీన్ని మొగంటారండి."

"మొగ?"

"ఆయ్. మొగండి."

బాబాయి జేబులోంచి పెన్ను తీశాడు. మూత నోటితో పట్టుకుని నడినీళ్ళలో ఉన్న ఇసక మేట చూపించాడు. "అది ద్వీపమే కదా, నాలుగు వైపులా నీరుంది."

"తిప్పండి అది. మొన్నటేడు అటేపు ఉండేది, ఇటు జరిగింది. ఇందాక మీరు చూశారే కొబ్బరి చెట్లు, అది లంక."

"తేడా ఏమిటి?"

పడవాయన గెడ ఆపి బాబాయిని పైకీ కిందకీ చూశాడు, ఇంత వయసొచ్చి ఇదేం ప్రశ్న అన్నట్టు. "పంటేసుకుని పడుకుంటే లంకండి. మనం నిద్దర్లేచేసరికి అదే లేచిపోతే తిప్పండి."

తిరిగి రేవుకి చేరేదాకా బాబాయి ఒక్కర్నీ దిద్దలేదు. పక్క పడవలో ఎవరో "బీచ్, బీచ్" అని అరుస్తున్నా తల తిప్పలేదు. రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని, తుంపర పడకుండా కండువా కప్పి రాస్తూనే ఉన్నాడు. నాకు జాలేసింది. ఇకమీదట మనిషి కాస్త నెమ్మదిస్తాడేమో, ఇంట్లో సరదా పోతుందేమో అని బెంగ కూడా పెట్టుకున్నాను.

మూడు వారాల తరవాత మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నలుగురూ చేరారు. మాటల్లో నేను అంతర్వేది ప్రయాణం ఎత్తి, "ముఖద్వారం దగ్గర గాలి భలే ఉంది" అన్నాను.

వెనక కుర్చీలోంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"ముఖద్వారం గుడికుంటుందిరా. దాన్ని మొగ అనాలి. తెలుగు ఎటూ రాదు, కనీసం విన్నదైనా గుర్తుపెట్టుకోండి."

ఆయన పాత కొలీగొకాయన ఆశ్చర్యపోయి, ఏ పుస్తకంలో ఉందండీ ఈ మాట అని అడిగాడు. బాబాయి కుర్చీలో వెనక్కి వాలాడు.

"పుస్తకాల్లో ఎక్కడ దొరుకుతుందండీ. ఇదంతా ఫీల్డు వర్కు."

ఫీల్డు వర్కుకి పడవ కిరాయి మూడు వందలైంది. ఇచ్చింది నేను.