స్టీరింగు మీటల పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ. తీఁగ యొకటె చూడ తిరిగెడి చక్రాన
మీట లారు వాటి మేర వేరు
నడుమ నెఱుఁగకున్న నలిగి రిబ్బను తెగు
హారనైన మోగదయ్య పిదప

అవతారిక

మా బావగారికి తెల్ల అంబాసిడర్ ఒకటి ఉంది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం, ఉత్తరపాడా జననం. 2014లో అక్కడ వీటి తయారీ ఆగిపోయాక ఆయనకు దాని మీద మమకారం రెట్టింపైంది. అల్లుడి కొత్త కారులో బొటనవేలు కదిపితే పాట మారడం చూసొచ్చిన రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండా తుక్కుబండి నుంచి ఊడదీసిన మీటల స్టీరింగు, దాని వెనకుండే క్లాక్ స్ప్రింగు, ఓ ఆండ్రాయిడ్ స్టీరియో సంపాదించి విజయవాడ ఆటోనగర్ చేరారు. అక్కడ ఎలక్ట్రికల్ షాపు రేకు తలుపు లోపలివైపు సుద్దతో రాసి ఉన్నదే ఈ పద్యం. ఎవరు రాశారంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఛందస్సు ఆటవెలది, పుట్టినచోటును బట్టి ఆటోవెలది అనేవారూ ఉన్నారు.

ప్రతిపదార్థం

తిరిగెడి = గిరగిర తిరుగునట్టి; చక్రాన = స్టీరింగునందు; చూడ = కవరు విప్పి చూడగా; తీగ ఒకటె = వైరు ఒక్కటే; మీటలు ఆరు = శబ్దము పెంచునది, తగ్గించునది, ముందు పాట, వెనుక పాట, రేడియోకు మార్చునది, నోరు మూయించునది అను ఆరు బటన్లు; వాటి మేర = వాటి ఓముల లెక్క; వేరు = దేనిది దానిదే; నడుమన్ = క్లాక్ స్ప్రింగు మధ్యస్థానమును; ఎఱుగకున్న = లెక్కపెట్టి తెలిసికొననిచో; రిబ్బను = లోపల చుట్టియున్న పలుచని పట్టీ; నలిగి తెగు = మడతపడి తెగిపోవును; పిదప = ఆ తరువాత; అయ్య = ఓ కారు యజమానీ; హారనైన = మునుపు మోగిన హారన్ సైతము; మోగదు = మోగదు.

తాత్పర్యం

ఉన్నదీ పోతుంది.

విశేషాలు

‘చూడఁ దిరిగెడి’ అని సరళాదేశం ఉండాలి గదా అని పండితులు ఆక్షేపిస్తారు. నిజమే. కవి ఎలక్ట్రీషియన్, అందుబాటులో ఉన్న సామానుతో పని జరిపించాడు.

‘తీగ యొకటె’: ఎర్త్‌ను కలిపితే రెండు కదా అని శంక. ఎర్త్‌ను ఎలక్ట్రీషియన్లు తీగల్లో లెక్కించరు. ఒక తీగ మీద ఆరు మీటలు ఎలా బతుకుతాయన్నదే అసలు ప్రశ్న. ప్రతి మీట వెనకా వేరువేరు విలువ గల రెసిస్టర్ ఉంటుంది. స్టీరియో తన లోపలున్న, ఉదాహరణకు, వెయ్యి ఓముల రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, తీగ మీద ఎంత మిగిలిందో చూస్తుంది. 250 ఓముల మీట నొక్కితే 1 వోల్టు, వెయ్యి ఓములదైతే రెండున్నర. అడుగుల చప్పుడును బట్టి వచ్చింది కోడలో మామగారో చెప్పే ముసలమ్మ లాంటిదన్నమాట. ఈ స్టీరియోల వెనక ‘కీ1’, ‘కీ2’ అని రాసిన తీగలు ఇందుకే. మెనూలోకి వెళ్ళి ఒక్కో మీటా నొక్కి దానికి పాఠం చెప్పుకోవాలి.

అయితే ‘మేర వేరు’ అన్న మాట అన్ని స్టీరింగులకూ వర్తించదు. ఇటీవలి బండ్లలో చాలావాటి మీటలు ఓముల్లో కాదు, లిన్ అనే డిజిటల్ భాషలో మాట్లాడతాయి. వాటికి దుబాసీ పెట్టె వేరే కొనాలి. కనుక తుక్కు దుకాణానికి మల్టీమీటరు పట్టుకెళ్ళి, మీట నొక్కినప్పుడల్లా అంకె మారుతోందో లేదో చూశాకే డబ్బు తీయాలి.

‘నడుమ’: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. స్టీరింగు తిరుగుతుంది, దాని కింది గొట్టం తిరగదు. ఆ రెంటి మధ్య మామూలు తీగ లాగితే పురిపడి తెగుతుంది. అందుకే అరచేయంత ప్లాస్టిక్ డబ్బాలో పట్టీని గడియారపు స్ప్రింగులా చుట్టి పెడతారు. అటు తిప్పితే బిగుస్తుంది, ఇటు తిప్పితే వదులవుతుంది. దానికీ హద్దుంది. చేత్తో మెల్లగా ఒక చివరిదాకా తిప్పి, అక్కణ్ణుంచి రెండో చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా సగం వెనక్కి రావాలి. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే బిగించాలి. అంతకన్నా ముందు కారు స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని చుట్లు తిరుగుతుందో కూడా చూసుకోవాలి. పవర్ స్టీరింగు లేని పాత బండ్లకు చుట్లు ఎక్కువ పడతాయి. స్ప్రింగు అంతదూరం రాకపోతే నడుమ ఎంత బాగా చూసినా వృథా.

బావగారు చుట్లు లెక్కపెట్టలేదు. ‘మధ్యే కదా, కంటికి తెలియదా’ అన్నారు. మూడోరోజు బెంజి సర్కిల్ దగ్గర యూ టర్న్ తీసుకుంటుంటే స్టీరింగులో నుంచి ‘టిక్’ అని, అప్పడం విరిగినంత చప్పుడు. పాట మారలేదు, శబ్దం తగ్గలేదు. ఎదురుగా సిటీ బస్సు. హారన్ నొక్కారు. హారన్ తీగ కూడా ఆ పట్టీలోనే ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. అద్దం దించి నోటితో అరిచారు.

పూర్వపక్షం

పాత హారన్‌కు ఉండే ఇత్తడి రింగు, దాన్ని రాసుకునే బ్రష్షు ఉండగా ఈ స్ప్రింగెందుకు అని కొందరు. సమాధానం: రాపిడిలో నాలుగు ఓములు అటూ ఇటూ అయినా హారన్‌కు పట్టదు. ఓములు లెక్కపెట్టే స్టీరియోకు పడుతుంది. మలుపు తిప్పినప్పుడల్లా పాట దానంతటదే మారొచ్చు. నాణెమంత బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ మీటలు స్టీరింగుకు కట్టుకోవచ్చని మరికొందరు. అది పనిచేస్తుంది, చవక, ఏదీ తెగదు. అందుకే బావగారికి నచ్చలేదు.

పాఠాంతరం

ఫోను ఎత్తడానికీ పెట్టేయడానికీ కలిపి ‘మీట లెనిమిది’ అని ఒక ప్రతిలో ఉంది. తీగ సరిపోతుంది గాని గణం చెడుతుంది.

కవి మౌనం

తుక్కుబండి స్టీరింగుతో పాటు వచ్చే ఎయిర్‌బ్యాగు గురించి పద్యంలో ఒక్క ముక్క లేదు. దాన్ని పేల్చే సెన్సార్లూ కంట్రోల్ పెట్టే అంబాసిడర్‌లో లేవు. ఊరికే ఉంచితే అవసరానికి తెరుచుకోదు, కెలికితే మొహం మీద తెరుచుకోవచ్చు. దానికి వెళ్ళే పసుపు కప్లర్ కనబడగానే మిస్త్రీ చేయి వెనక్కి తీశాడు. స్టీరింగు పళ్ళు కలవకపోతే లేత్ మీద హబ్ తిప్పించాలి తప్ప కాలమ్‌కు వెల్డింగు పెట్టడం మహాపాతకం. ఇదీ పద్యంలో లేదు, నేను చేరుస్తున్నాను.

ఫలశ్రుతి

బావగారు రెండో క్లాక్ స్ప్రింగు కొని, ఈసారి చుట్లు సుద్దతో గీతలు పెట్టుకుని మరీ లెక్కించారు. ఆరు మీటలూ పనిచేస్తున్నాయి. పద్యం మీకు కంఠతా రాకపోయినా ఫరవాలేదు గాని, కవరు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి.