ఆటవెలదిలో యాంటీవైరస్: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కళింగ దండయాత్రకు పోతూ రాయలవారు బెజవాడలో విడిసి, దగ్గరలోని శ్రీకాకుళం వెళ్లి ఏకాదశి ఉపవాసం ఉంటే, ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడు. అలా పుట్టిన ఆముక్తమాల్యద ఎంత గట్టిదంటే, నాలుగు వందల ఏళ్ల తర్వాత వేదం వేంకటరాయశాస్త్రిగారు పూనుకుని వ్యాఖ్య రాస్తే గాని మాబోటివాళ్లకు కొరుకుడు పడలేదు.

నా మూలగ్రంథం అంత పెద్దది కాదు. గవర్నరుపేటలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు బిల్లు వెనకాల బాల్‌పెన్నుతో గిలికిచ్చిన నాలుగు ముక్కలు. యాంటీవైరస్ డబ్బా చేతిలో పెడుతూ, "ఎక్కించడం ఐదు నిమిషాల పని మేస్టారూ. దానికి ముందు చేసేదే జాగ్రత్తగా చెయ్యండి" అన్నాడు. చొక్కా జేబులో చీటీలకు మా ఇంట ఏ గతి పడుతుందో తెలిసినవాణ్ని కనక, సిటీ బస్సు పటమట చేరేలోగా ఆ ముక్కల్ని ఆటవెలదిలో బిగించి కంఠస్థం చేశాను. పద్యం నోట నిలిచింది. అర్థం మాత్రం కంప్యూటరు మొరాయించాక గాని తెలియలేదు. అందుకే ఈ టీక. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

మూలము

పాతదాని తీసి పారవేయక మున్ను
కొత్త దెక్కనీకు కోరి బాబు!
నకలు దాచిపెట్టు, నవకముల్ దింపుకో,
తేది సరిగ చూసి తిరిగి తెరువు.

ప్రతిపదార్థము

బాబు = ఓ నాయనా; పాతదాని = కంప్యూటరులో అంతకుముందే కాపురమున్న యాంటీవైరస్‌ను; తీసి = అన్‌ఇన్‌స్టాల్ చేసి; పారవేయక మున్ను = పూర్తిగా వదిలించుకోక ముందు; కొత్తది = డబ్బాలో ఉన్నదానిని; కోరి = కావాలని; ఎక్కనీకు = ఇన్‌స్టాల్ కానీయకు; నకలు = ఫొటోలు, కాగితాలు మొదలైనవాటి కాపీని; దాచిపెట్టు = వేరొక చోట భద్రపరుచుము; నవకముల్ = అప్‌డేట్లను; దింపుకో = డౌన్‌లోడ్ చేసుకొనుము; తేది = తెర మూలన కనిపించే తారీఖును; సరిగ చూసి = ఒప్పో తప్పో పరికించి; తిరిగి తెరువు = రీస్టార్ట్ చేయుము.

'బాబు' అనే సంబోధన వల్ల వక్త పెద్దవాడని, శ్రోత చిన్నవాడని భ్రమపడరాదు. కృష్ణా జిల్లాలో ఉయ్యాలలో ఉన్నవాడూ బాబే, ఊతకర్ర పట్టినవాడూ బాబే. 'యాంటీవైరస్' అన్న మాట పద్యంలో ఎక్కడా లేదేమని అడగవచ్చు. వరసగా నాలుగు గురువులున్న మాట ఆటవెలదిలో ఏ మూలా ఇమడదు. అధ్యాహారం చేసుకోవలసిందే.

తాత్పర్యము

ఓయీ, ఇంటికి సున్నం వేయించేవాడు ముందు సామాను బయట పెట్టి, గోడ గీకించి, ఆ తర్వాతే బ్రష్షు ముట్టుకుంటాడు. కంప్యూటరుకు కాపలా పెట్టేవాడూ అంతే.

క్రమవిచారము

ఇక్కడొక చిక్కుంది. పద్యంలో చెప్పిన వరస వేరు, పని చేయవలసిన వరస వేరు. వేదంలో అగ్నిహోత్రం చేయాలని ముందు చెప్పి, జావ వండాలని తర్వాత చెబితే, జావ వండాకే హోమమని మీమాంసకులు తేల్చారు. వండని జావ వేల్చేదెట్లా? పాఠక్రమం కన్నా అర్థక్రమం బలవత్తరమన్నమాట.

నేను మీమాంస మరిచి పద్యాన్ని పైనుంచి కిందికి అమలు చేశాను. పాతదాన్ని తీశాననుకున్నాను. కొత్తది ఎక్కిస్తుంటే నలభై మూడు శాతం దగ్గర గీత ఆగిపోయింది. లోపలి ఫ్యాను రైసు మిల్లులా మోగింది, తెర నల్లబడింది. నా శతకం అందులోనే ఉంది, పద్యానికో ఫైలు చొప్పున నూటెనిమిది. నకలు తీయమన్న మూడో పాదానికి నేనింకా రానేలేదు. కుర్రాడు హార్డ్‌డిస్కు ఊడదీసి, వేరే మెషీనుకు తగిలించి, రెండు రోజులు తంటాలు పడి, "నూరు వచ్చాయి మేస్టారూ, ఎనిమిది పోయాయి" అన్నాడు. "నూరుంటే శతకమేగా!" అంది మా ఆవిడ.

కాబట్టి అన్వయం ఇది: మొదట తేదీ, తర్వాత నకలు, పిమ్మట నవకాలు, అటుపైన పాతదాని తొలగింపు, తిరిగి తెరవడం, చిట్టచివర కొత్తది. దాదాపుగా పద్యాన్ని కిందినుంచి పైకి చదవాలి. ఇక ఈ వరసలోనే విశేషాలు.

విశేషములు

తేది. ముహూర్తం లేకుండా గృహప్రవేశం చేయని మనం కంప్యూటరు పంచాంగం చూడం. పెట్టె లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు తీసేసినా తారీఖు గుర్తుపెట్టుకునేది అదే. దానిమీద సీఆర్ 2032 అని ఉంటే 2032వ సంవత్సరం దాకా పనిచేస్తుందని సంతోషించాను. అది 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అని చెప్పడమట. ఆ బిళ్ల చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటరు ఏ పదేళ్ల వెనక్కో పోతుంది. వెబ్‌సైట్ల యోగ్యతాపత్రాలకు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది కదా. వెనకటి కాలంలో ఉన్న కంప్యూటరుకు అవన్నీ ఇంకా పుట్టనివిగా కనిపించి, 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని తలుపు మూస్తుంది. అప్‌డేట్లు రావు, లైసెన్సు నమోదు కాదు. నేరం వైరస్‌ది కాదు, బిళ్లది.

నకలు. ఇది పద్యానికి ఆయువుపట్టు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా వియ్యాలవారు మేడమీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కింద గదిలో కంప్యూటరుంది. పెళ్లి ఫొటోలన్నీ జాగ్రత్తగా విడి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును ఆ కంప్యూటరు పెట్టె మీదే పెట్టారు. నీరు తీశాక చూస్తే అసలుకూ నకలుకూ ఒకటే బురద. అసలు పక్కనే ఉన్నది నకలు కాదు, జంటకవి. ఇద్దరూ ఒకే పడవలో మునుగుతారు. అందుకే తెలిసినవాళ్లు మూడు ప్రతులుండాలంటారు: రెండు వేర్వేరు రకాల వస్తువుల మీద, వాటిలో ఒకటి ఇల్లు దాటి. మరో సూక్ష్మం కూడా ఉంది. కాపీ కాగానే ఆ డిస్కు తీగ పీకెయ్యాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే జాతి వైరస్, తగిలించి ఉన్న డిస్కునీ వదలదు.

నవకములు. నవకమంటే తాజాదనం, లేతదనం. ఆపరేటింగ్ సిస్టంలో బయటపడ్డ బొక్కలకు తయారీదారు పంపే తాజా మాసికలని ఇక్కడ అర్థం. వీటిని వాయిదా వేసేవాళ్లకు ఒక ఇతిహాసం. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక మాసిక విడుదల చేసింది. మే 12న వనాక్రై అనే పురుగు సరిగ్గా ఆ మాసిక పడని చిరుగులోంచి దూరింది. ఎవరూ దేనిమీదా నొక్కనక్కర లేకుండానే నెట్‌వర్కులో ఒకదాన్నుంచి మరోదానికి పాకి, తాళం తీయడానికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాతపడ్డాయి. కృష్ణా, గుంటూరు జిల్లాలు ఆ జాబితాలో ఉన్నాయి. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. సూది, దారం, మాసిక మూడూ ఇంటికొచ్చి ఉన్నాయి, కుట్టేవాడు రేపన్నాడు.

విండోస్ 10 వాడేవారికి మరొక మాట. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే నవకాలు ఆగిపోయాయి. కాలువ ఉంది, లాకులున్నాయి, శివారు పొలానికి మాత్రం నీరు రాదు. అలాంటి పొలంలో ఎంత మంచి కావలివాణ్ని పెట్టినా పంట పండదు.

పాతది. రెండు యాంటీవైరస్‌లుంటే రెట్టింపు రక్షణ కదా అని నా అమాయకత్వం. నూజివీడు మామిడితోటకు ఒకరికొకరు తెలియకుండా ఇద్దరు కావలివాళ్లను పెట్టినట్టు ఉంటుంది. చీకట్లో వాడి కాలరు వీడూ, వీడి కాలరు వాడూ పట్టుకుని 'దొంగా' అంటారు. చిన్నరసాలు మోసుకెళ్లే అసలు దొంగ వాళ్ల పక్కనుంచే పోతాడు. మనం తెరిచే ప్రతి ఫైలునూ ఇద్దరూ ఆపి తనిఖీ చేయాలంటారు. ఒకరి దగ్గరున్న వైరస్ ఆనవాళ్లు చూసి రెండోవారు అదే వైరస్ అనుకోవడమూ కద్దు.

'తీసి పారవేయు' అని రెండు క్రియలెందుకు, పునరుక్తి కాదా? కాదు. తెరమీది బొమ్మను చెత్తబుట్టలోకి లాగడం నేను చేసిన పని. గుమ్మం మీది పేరుపలక పీకేస్తే అద్దెకున్నవాడు ఖాళీ చేసినట్టా? సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాకు వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ నొక్కడం 'తీయడం'. ఆ తర్వాత మిగిలిన తునకలను, తయారీదారులే విడిగా ఇచ్చే తొలగింపు పనిముట్టుతో ఊడ్చేయడం 'పారవేయడం'. కాలువలో గుర్రపుడెక్క పైన కోస్తే పోతుందా? ఒక్క పిలక మిగిలితే నెల తిరక్కుండా మళ్లీ కాలువంతా పచ్చటి తివాచీ. కొత్త లాప్‌టాప్‌తో పాటు ఉచితంగా వచ్చి, గడువు తీరినా కదలని యాంటీవైరస్‌కూ ఇదే చికిత్స.

దీనికొక అపవాదముంది. విండోస్‌లో పుట్టుకతో ఉండే డిఫెండర్ 'పాతది' కిందికి రాదు. వేరొకరు రాగానే తనే తప్పుకుంటుంది, వాళ్లు పోగానే తనే వచ్చి కూచుంటుంది. ఇంటల్లుడు వస్తే వీధి అరుగు మీదికి మారే మామగారిలాంటిది. దాన్ని తోలేయడానికి కుస్తీ పట్టకండి.

తిరిగి తెరువు. ఇక్కడ శ్లేష. తెరువు అంటే తెరవుము అనీ, దారి అనీ రెండర్థాలు. తిరిగి తెరిస్తేనే ముందుకు తెరువు. వాడుకలో ఉన్న ఫైళ్లను కంప్యూటరు అప్పటికప్పుడు చెరపలేదు, రీస్టార్ట్‌లో చెరుపుతుంది. ఆపేసి మళ్లీ వేస్తే చాలదా అంటే, విండోస్ 8 నుంచి 'షట్ డౌన్' చాలా మెషీన్లలో సగం నిద్ర మాత్రమే, త్వరగా లేవడానికి లోపలి సంగతులు కొన్ని దాచుకునే పడుకుంటుంది. రీస్టార్టే తలస్నానం.

ఆక్షేప సమాధానములు

ఆక్షేపం: గట్టి కావలివాడొస్తున్నాడు కదా, లోపలి చెత్త వాడే చూసుకుంటాడు. మనకెందుకీ శుద్ధి?

సమాధానం: 1855లో ఆనకట్ట కట్టినప్పటినుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాకా, ఈ డెల్టాను బతికించింది కృష్ణ నీళ్లే. అయినా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమ అడుగు బయటపెట్టుకుని పడుంటాయి. ఆ నాలుగు రోజుల్లోనే పూడిక తీయాలి, డెక్క లాగాలి, గట్టు కట్టాలి, లాకులకు నూనె పెట్టాలి. నీళ్లు వదలడానికి షట్టరు లేపితే చాలు. కాని పూడిక తీయని కాలువలోకి వదిలిన నీరు శివారుకు చేరదు, మధ్యలో గట్టు తెంపి ఎవరింట్లోనో దూరుతుంది. నీరు మంచిదే, కావలివాడూ మంచివాడే. వాళ్లు నడిచే దారి మన పూచీ.

ఆక్షేపం: మంచివాడే అయితే వాడికోసం నకలు తీసుకోవడమేమిటి? అనుమానించినట్టు కాదా?

సమాధానం: 2024 జూలై 19న ఒక పేరున్న భద్రతా సాఫ్ట్‌వేర్ తనకు తానే పంపుకున్న తప్పుడు అప్‌డేట్ వల్ల లోకంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేశాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అక్కడ వైరస్ లేదు, దొంగ లేడు. కంప్యూటరు మూలమూలకూ వెళ్లే అధికారం మనమే ఇచ్చిన కావలివాడు కాలు జారాడు, అంతే. అంత అధికారం ఇచ్చే ముందు నకలు తీసుకోవడం అనుమానం కాదు, తాళంచెవి ఇంకొకటి చేయించుకోవడం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఆదివారం పూట, చేతిలో కాఫీతో, కిందినుంచి పైకి పఠించి ఆచరించినవారికి సోమవారం ఏ విశేషమూ జరగదు. అదే ఫలం.

గద్య

ఆశ్వాసాంతాన కవి తన పేరూ ఊరూ చెప్పుకోవడం మన మర్యాద. 1986లో పీసీలకు సోకిన తొలి వైరస్ 'బ్రెయిన్' రాసిన లాహోరు అన్నదమ్ములు కూడా ఈ మర్యాద తప్పలేదు. తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లు అందులోనే గద్యగా చేర్చారు. ఆ తర్వాత ఏయే దేశాల నుంచో ఫోన్లు రావడం మొదలైంది. ఆ అనుభవం ఎరిగి, సంప్రదాయానికి చిన్న సవరణతో ముగిస్తున్నాను:

ఇది శ్రీ కనకదుర్గా కటాక్షలబ్ధ కవితావిలాస, కృష్ణాతీర పటమట నివాస, గతాష్టపద్య శేషశత శతకకర్తయగు విశ్రాంత తెలుగుపండితునిచేత రచింపబడిన యాంటీవైరస్ పూర్వాంగమను వ్యాఖ్యానమునందు సర్వమును ఏకాశ్వాసము. ఫోన్ నంబరు, ఓటీపీ విడువబడినవి.