పంక్చర్ పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
బారువకును పోవఁ బంక్చరయ్యెను బండి
తేలినీలపురము తెరువునందు
మఱియుఁ బంక్చరయ్యె మందస దారిలో
పంపు గొట్టుకొనుటె పని గదయ్య

టీక: బారువకును పోవన్ = పలాస నుంచి బారువ సముద్రతీరానికి పోతూండగా; బండి = సైకిలు (మోటారు సైకిలని కొందరంటారు గాని, నాలుగో పాదంలో పంపు ఉంది కనుక చెల్లదు); తేలినీలపురము తెరువునందు = టెక్కలి మండలంలో కొంగలను చూడబోయే తోవలో; మఱియున్ = మళ్లీ; మందస దారిలో = కోవా మీది ఆశతో పట్టిన దారిలో.

పోవన్ + పంక్చర్: సరళాదేశ సంధి. పరుషం సరళమైంది, పద్యం వరకే.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: 'నీలాపురం'లో దీర్ఘం తీసేయడం ఛందస్సు కోసం. కవి ఎలాగూ ఆ ఊరు చేరలేదు కనుక అక్కడివాళ్లెవరూ అడగలేదు. సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకునే పెలికాన్లు ఏటా అక్కడికి గాలిని నమ్ముకునే వచ్చి చెట్ల మీద గూళ్లు పెడతాయి. కవి నమ్ముకున్నదీ గాలినే.

ఇక కారణ విచారం. బయల్దేరిన వేళ మంచిది కాదని ఒక వ్యాఖ్య, కవి ఇల్లాలిది. మా మతం వేరు. ఉద్దానం ఇసుక నేలల్లో పల్లేరుకు కొదవలేదు. అమరసింహుడు దీన్ని గోకంటకమనీ, శ్వదంష్ట్ర అనీ అన్నాడు. ఆవుకు ముల్లు, కుక్క కోర. సైకిలు ఊసు లేదు, కాలం అలాంటిది. 1887లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్, కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించబోయి చక్రంలోకి గాలి ఎక్కించాడు. ఆయన పశువైద్యుడు, గోకంటకం సంగతి కాస్త ఆలోచించాల్సింది.

'మఱియు' అన్న మాటలోనే ధ్వని అంతా ఉంది. కాశీబుగ్గలో పంక్చర్లు వేసే అతను "ఏటి బావూ, మల్లీ ఒచ్చీసినారా?" అంటూ టైరు ఒక పక్క విప్పి, ట్యూబు లాగి, తొట్టి నీళ్లలో ముంచి, బుడగ వచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచీ అతికాడు. మూడుసార్లూ అంతే. మూడు ప్యాచీలూ వాల్వుకు జానెడు దూరంలో, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కి ఉన్నాయి. అది చూసి టీకాకారుడు ఖాళీ టైరు లోపల చూపుడువేలు నెమ్మదిగా తిప్పాడు. అర చుట్టు తిరిగేసరికి చురుక్కుమంది. రబ్బరులో సగం విరిగిన పల్లేరు ముల్లు, బియ్యపు నూకంత. కంటికి కనపడదు, వేలికే తెలుస్తుంది. నెత్తురు చుక్క ప్రమాణం.

అంటే పంక్చర్లు మూడైనా ముల్లు ఒక్కటే. పద్యంలో పునరుక్తి దోషం లేదు.

పాఠాంతరం: కవి చేతి ప్రతిలో 'మందస' పక్కన పెన్సిలుతో 'రావివలస' అని ఉంది. గణం కుదరదు, యతీ కుదరదు. కనుక అది వచ్చే ఆదివారం ప్రయాణమని గ్రహించాలి.