రాజహంసకు రంగు చాల్లేదట!

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో సముద్రం లేదు. అయితేనేం, ఫిరంగుల్లాంటి లెన్సులకు కొదవలేదు. చలికాలం వస్తే చాలు, శుక్రవారం రాత్రి కార్లు 300 కిలోమీటర్లు దాటి సూళ్లూరుపేటలో తేలతాయి, పులికాట్ సరస్సు రాజహంసల (ఫ్లెమింగోల) కోసం.

పాపం, ఆ పక్షి ఎగరాలంటే ముందు నీళ్లలో పరుగెత్తాలి. ‘గాల్లోకి లేచిన ఫొటో’ కోసం ఎవరో ఒకరు చప్పట్లు కొడతారు. గుంపంతా మేత వదిలి లేస్తుంది. నాచు, చిన్న రొయ్యల్లాంటి ఆ మేత వల్లే దానికి గులాబీ రంగు. మేత చెడగొట్టిన పెద్దమనిషి ఇంటికెళ్లి అదే రంగును కంప్యూటర్‌లో దట్టంగా పూస్తాడు. కింద పేరు పక్కన: ప్రకృతి ప్రేమికుడు!

పక్షుల్ని ఇలా బెదరగొట్టకూడదనే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. పులికాట్ కూడా పక్షుల అభయారణ్యమే.

అయ్యా, 600 ఎంఎం లెన్సు కొన్నది దూరంగా నిలబడటానికే.