సూదులన్నీ అయిపోయాయట!

ఇక నిశ్చింత. మనుషుల టీకా కాగితాలే ఏ బీరువాలో పడున్నాయో ఎవరికీ తెలియని రోజుల్లో గొర్రెపిల్లలకు సర్టిఫికెట్లొచ్చేశాయి. మెడలో లామినేషన్ కార్డు, దాని మీద ఐదు జబ్బుల పేర్లు, ఒక్కోదానికీ ఓ ఆకుపచ్చ టిక్కు. 'ఆల్ వ్యాక్సిన్స్ కంప్లీటెడ్' పిల్లకు మామూలు పిల్ల మీద అదనపు రేటు. ఫోన్ తెరిస్తే అవే వీడియోలు. టీషర్టు మీద పొట్టేలు బొమ్మేసుకున్న కుర్రాడు పిల్లను చంకనేసుకుని "అన్నా, వీటికి ఇంక రోగమే రాదన్నా" అంటాడు. చంకలో పిల్ల కెమెరా వైపు చూసి చీదుతుంది.

మా మేనల్లుడూ కొన్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో షెడ్డు, బ్యాంకులో అప్పు. ఈ మూడూ ఉంటే చాలు, ఇప్పుడు పొట్టేళ్ల రైతే. నేను పశువైద్యశాఖలో ఊళ్లు తిరిగి తిరిగి రిటైరైనవాణ్ణి కాబట్టి, లారీ దిగిన పిల్లల్ని చూసిపొమ్మని కబురుపెట్టాడు. వెళ్తే పిల్లల్ని చూపించలేదు, కార్డులు చూపించాడు.

అందులో నాకు మహా ముచ్చటేసింది తేదీ. పీపీఆర్, చిటుకు రోగం, నీలినాలుక, బొబ్బరోగం, గొంతువాపు: అన్నిటికీ ఒకటే తేదీ, ఒకటే పెన్ను, ఒకటే గీకుడు సంతకం. వయసు మూడు నెలలని రాశారు. ఆ మూడు నెలల పిల్ల పక్క పిల్ల పొట్టకింద మూతి దూర్చి పొదుగు వెతుక్కుంటోంది. కార్డు సంగతి దానికి తెలియదు పాపం.

పీపీఆర్ అంటే మనవాళ్లు పారుడు రోగం అనేది. దాని టీకా మూడు నెలలు దాటాక వేయమనడం పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం కాదు. తల్లికి టీకా పడి ఉంటే జున్నుపాలతోనే పిల్లకు కొంత రక్షణ వస్తుంది. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ మనం ఎక్కించిన టీకాను అదే పట్టి మింగేస్తుంది. ముందుగా వేస్తే సూది మిగులుతుంది, రక్షణ మిగలదు. వేళకు వేసినా ఒంట్లో బలం పుట్టడానికి రెండు వారాలైనా పడుతుంది. పొద్దున సూది, మధ్యాహ్నం కార్డు, రాత్రి లారీ. ఏ టీకా అయినా ఈ షెడ్యూలు చూసి దండం పెట్టాల్సిందే.

టీకాల ఎంపిక గురించి కూడా చెప్పాలి. ఎంపికన్న మాటే అక్కర్లేకుండా ఇప్పుడు కిట్ వస్తోంది, బస్సు పార్సిల్లో, థర్మాకోల్ పెట్టెలో. మావాడి కిట్‌లో దొమ్మరోగానికీ మందుంది, జబ్బవాపుకీ ఉంది. దొమ్మరోగం టీకా ఆ జబ్బు వచ్చిన ఊళ్లలో వేసేది. జబ్బవాపు ప్రధానంగా ఆవులది, ఎద్దులది. కోళ్ల కొక్కెర తెగులు టీకా ఒక్కటే తక్కువైంది. మరిచిపోయి ఉంటారు.

వాడికి నిజంగా కావలసింది చిటుకు రోగం టీకా. పిల్లల్ని షెడ్డులో కట్టేసి, మొక్కజొన్న దాణా దట్టించి, పండక్కి బరువు తేల్చాలనుకునేవాడి మీదే ఆ జబ్బుకు కన్ను. పేగుల్లో ఎప్పుడూ ఉండే క్రిమి, దాణా హఠాత్తుగా ఎక్కువైతే చెలరేగి విషం కక్కుతుంది. తొలకరికి మొలిచిన లేతగడ్డి విరగబడి మేసినా అంతే. రాత్రి మేసి పడుకున్నది పొద్దున లేవదు. అదీ మందలో బక్కది కాదు, అందరికంటే బాగా తినేది, మీరు ఫొటో తీసి పెట్టుకున్నది. దీని టీకా మొదటిసారి వేశాక రెండు మూడు వారాల్లో మళ్లీ వేయాలి. కార్డులో రెండో డోసుకు గడే లేదు. డిజైన్ పాడవుతుందనుకున్నారేమో.

సరే, సూదులు వేశారే అనుకుందాం. "ఆ మందు ఎక్కడ పెట్టార్రా?" అన్నాను. కిట్‌లో మిగిలినవి చూపిస్తానని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఈ ఫ్రిజ్ గురించి తీరిగ్గా రాయాలి, ఎందుకంటే వీడియోల్లో గొర్రె పళ్ల దగ్గర్నుంచి పెంటికల దాకా చూపిస్తారు గానీ ఫ్రిజ్ తలుపు మాత్రం తెరవరు.

తలుపు అరల్లో పైన కోడిగుడ్లు, కింద రెండు బీరు సీసాలు, నడుమ పీపీఆర్ టీకా. ఫ్రిజ్ మొత్తంలో వెచ్చటి చోటు తలుపే. తీసిన ప్రతిసారీ బయటి గాలి మొదట కొట్టేది దానికే. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో ఆ రేకుల షెడ్డు కింద నలభై దాటుతుంది. పైగా రాత్రిపూట ఇన్వర్టర్‌కు లోడు ఎక్కువవుతుందని జీతగాడు ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తాడట, పొద్దున మళ్లీ పెడతాడట. "మళ్లీ చల్లబడుతుంది కదా మామా" అన్నాడు మావాడు. చల్లబడుతుంది నాయనా. బీరైతే పనికొస్తుంది కూడా.

ఇంకో సీసా పైన ఫ్రీజర్‌లో, ఐస్ ట్రే కింద ఉంది. అది చిటుకు రోగానిది. పూర్తిగా గడ్డకట్టింది. చల్లగా ఉంటే మంచిదన్నారు కాబట్టి ఇంకా చల్లగా పెట్టాడట. పీపీఆర్ టీకా బలం తగ్గించిన బతికున్న వైరస్, ఎండబెట్టిన పొడి. నీళ్లు కలపనంతవరకు గడ్డకట్టినా దానికేం కాదు. చిటుకు టీకా సంగతి వేరు. అందులో నిర్వీర్యం చేసిన విషం జెల్‌కు అంటుకుని ఉంటుంది. ఒక్కసారి గడ్డకడితే ఆ జెల్ విరిగిపోతుంది. కరిగాక సీసా ఊపి పట్టుకుంటే అడుక్కి పలుకులు పలుకులుగా దిగిపోతుంది. గడ్డకట్టించవద్దని సీసా మీదే ఉంటుంది. అక్షరాలు చీమ తలకాయంతే, ఒప్పుకుంటాను. కానీ అదే లేబుల్‌ను మావాడు ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు. చదవకుండానే లైకులొచ్చాయి.

మూడోది సగం సీసా. వంద డోసుల పొడిలో సెలైన్ కలిపి, కార్డుల్లేని పాత పిల్లలకు వేయించాడట. మిగిలింది 'భద్రంగా' దాచాడు, వచ్చేవారం పక్కూరి బావమరిది పిల్లలకు. కలిపిన బతికున్న టీకాను నీడలో, మంచు మీద పెట్టుకుని గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి. సాయంత్రానికి అది ఉత్త ఉప్పునీళ్లు. ఊరంతా ఒకేరోజు జీవాల్ని తోలుకురమ్మని శాఖవాళ్లు క్యాంపు పెట్టేది ఇందుకే. ఆ క్యాంపుకు వెళ్లడం మావాడికి నామోషీ. వరుసలో ముందు గొల్లకురుమలుంటారు కదా. పైగా అక్కడ టీకా ఉచితం. ఉచితమైంది మంచిదెలా అవుతుంది?

సిరంజిని స్పిరిట్‌తో కడిగి, ఆరకముందే టీకా పీల్చడం గురించి రాస్తే ఇంకో పేజీ కావాలి. వదిలేస్తున్నా.

ఇంతసేపూ నవ్వుతూ రాశాను. ఇక నవ్వు రావడం లేదు. 2019 పశుగణన లెక్కలు చూడండి. దేశంలో గొర్రెలు 7.4 కోట్లు. అందులో సుమారు 1.9 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రలో. అంటే ఇంచుమించు సగం మన దొడ్లలోనే. పీపీఆర్‌ను 2030 నాటికి భూమ్మీద లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ముక్తేశ్వర్‌లో భారత పశువైద్య పరిశోధనా సంస్థ (ఐవీఆర్ఐ) శాస్త్రవేత్తలు సుంగ్రి 96 అనే వైరస్‌ను లొంగదీసి, ఒక్క సూదితో మూడేళ్లు కాపాడే టీకా చేసి ఇచ్చారు. అంత కష్టపడి తయారైన మందును బీరు సీసాల మధ్య చంపి, చచ్చిన మందును పిల్లకెక్కించి, దానికి కార్డు కట్టి అమ్ముతున్నారు. ఇది అమాయకత్వం కాదు, దొంగతనం.

అసలు దొంగ మావాడు కాదు, వాడు పడ్డవాడు. దొంగ ఆ కార్డు అచ్చేసినవాడు. మూడు సంతల పిల్లల్ని ఒక లారీలో కుక్కి, రాత్రంతా నీళ్లు లేకుండా తెచ్చి, దింపిన చోటే సూదులు పొడిచి, దానికి 'ఫామ్ రెడీ' అని పేరు పెట్టినవాడు. కొత్త జీవాన్ని కనీసం మూడు వారాలు విడిగా కట్టాలని, ముందు నీళ్లు, నీడ, తర్వాత నట్టల మందు, తేరుకున్నాకే డాక్టరు చెప్పిన వరుసలో ఎడం ఇస్తూ టీకాలని వాడికి తెలియక కాదు. మూడు వారాలు మేత వాడు పెట్టాలి. అందుకే తెలియనట్టుంటాడు. పిల్లలు చస్తే మాత్రం సమాధానం రెడీ: "మీ మేనేజ్‌మెంట్ సరిగా లేదు బ్రో." ఈ 'బ్రో'కు అప్పు లేదు. కిస్తీ కట్టాల్సింది మావాడు, జీతం పోయేది జీతగాడికి, పక్కనే మేసే పాత మందకు జబ్బంటుకుంటే మునిగేది ఏ వీడియో చూడని కురుమాయన. ఆయన చేసిన పాపమేమిటి? ఈ షెడ్డు పక్కనుంచి దారి ఉండటం.

నేనొచ్చేసిన వారంలోనే మావాడి పిల్లలు కొన్ని కళ్లు పుసులు కట్టి, ముక్కు కారి, పారడం మొదలుపెట్టాయి. అమ్మినవాడికి ఫోన్ కొట్టాడు. "బూస్టర్ కిట్ ఉంది బ్రో, మీకు డిస్కౌంట్‌లో పంపిస్తా" అన్నాడట. ఒంట్లోకి అప్పటికే దిగిన జబ్బుకు టీకా మందు కాదు. పైగా జబ్బు పడ్డ గుంపులో ఒకే సూదితో వరసగా పొడుస్తూ పోతే ఆ సూదే జబ్బును మోసుకెళ్తుంది. కిట్ వద్దు, ముందు పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చెయ్యరా అన్నాను. చేశాడు. దిగి ఎన్ని రోజులైంది, ఏ సంతల్లో కొన్నవి, ఎన్ని పారుతున్నాయి, మంచివాటిని వేరు చేశారా అని అవతలామె అడిగింది. కార్డుల సంగతి మావాడే ఎత్తాడు, ఐదు టీకాలూ ఒకేరోజు అయ్యాయని గట్టిగా చెప్పాడు. ఆమె నవ్వలేదు. ఆమె మర్యాద అది.