లాభాలకి అల్లుడు, నష్టాలకి కొడుకు

ఇల్లరికపు అల్లుడి కష్టం పగవాడికి కూడా వద్దు. పండక్కి కొత్తబట్టలు పెడతారు. ఆస్తి పంపకాల వేళ మాత్రం ‘తమరు అల్లుడుగారు, అలా అరుగు మీద కూర్చోండి’ అంటారు. మామగారి అప్పులవాళ్లు గుమ్మమెక్కిన రోజున ‘మీరు మాకు కొడుకుతో సమానం’ అంటారు. బ్యాంకులు జారీచేసే అడిషనల్ టియర్-1 బాండు, ముద్దుగా ఏటీ-1, అచ్చంగా ఈ అల్లుడే.

చూడ్డానికి అప్పులాగే ఉంటుంది. ఏటా ఇంత శాతమని వడ్డీ రాసి ఉంటుంది. బ్యాంకు లాభం రెట్టింపైనా ఆ శాతం మీద నయాపైసా పెరగదు, లాభాలు వాటాదారులవి. ఇక అసలు సంగతి. దానికి గడువే లేదు. అయిదేళ్లకో ఆపైనో బాండును వెనక్కి తీసుకునే వీలు బ్యాంకుకి ఉంది, నా డబ్బు నాకివ్వమని అడిగే హక్కు మాత్రం మదుపరికి లేదు. బ్యాంకు తలచుకుంటే ఓ ఏడాది వడ్డీ ఎగ్గొట్టొచ్చు, ఆ ఎగ్గొట్టింది మరుసటి ఏటికి బాకీ కూడా పడదు. మీరూ నేనూ కారు లోను కంతు ఇలా ఎగ్గొడితే ఇంటికి మనుషులొస్తారు. బ్యాంకు ఎగ్గొడితే షరతు అమలైందంటారు. బ్యాంకు సొంత మూలధనం 6.125 శాతానికి పడిపోయినా, ఈ బ్యాంకు ఇక నిలబడదని రిజర్వు బ్యాంకు తేల్చినా అసలుకే ఎసరు.

2008 సంక్షోభంలో దేశదేశాల ఖజానాలు బ్యాంకుల్ని భుజాన మోసి నడుం విరగ్గొట్టుకున్నాక, ఈసారి నష్టం ప్రజల నెత్తిన పడకూడదని బాసెల్-3 నిబంధనలు ఈ తరహా బాండ్లకి పీట వేశాయి. ఉద్దేశం మంచిదే. ఎవరో ఒకరు తెలిసి భరించాలి, అందుకు నాలుగు డబ్బులు ఎక్కువ పుచ్చుకోవాలి. చిక్కంతా ఆ ‘తెలిసి’ దగ్గరే వచ్చింది.

ఎఫ్‌డీ రెన్యువల్‌కి వచ్చిన రిటైర్డ్ మాస్టారిని ఊహించుకోండి. ఏసీ గది, కాఫీ, ఎదురుగా టై కట్టుకున్న రిలేషన్‌షిప్ మేనేజరు.

‘ఎఫ్‌డీలో ఏముందండీ మాస్టారూ, ఏడో ఏడున్నరో. ఇందులో తొమ్మిది!’

‘డబ్బుకి ఢోకా లేదు కదా బాబూ?’

‘భలేవారే! బ్యాంకే మనదైతే ఢోకా ఏంటండీ?’

‘గడువెంత?’

‘అయిదేళ్లనుకోండి.’

ఆ ‘అనుకోండి’లోనే ఉంది కిటుకంతా. మాస్టారు అనుకున్నారు, బ్యాంకు అనుకోలేదు.

ఇది మరీ కట్టుకథేం కాదు. యెస్ బ్యాంకు ఇలాంటి బాండ్లనే ‘సూపర్ ఎఫ్‌డీ’ అనీ, ఎఫ్‌డీ అంత భద్రమనీ చెప్పి ఖాతాదారులకి అంటగట్టిందని సెబీ 2021 ఏప్రిల్‌లో తేల్చి, 25 కోట్ల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వు ప్రకారం 1,346 మంది వ్యక్తులు సుమారు 679 కోట్లు పెట్టారు. వాళ్లలో 1,311 మంది ఆ బ్యాంకు ఖాతాదారులే. 277 మందయితే ఉన్న ఎఫ్‌డీలు గడువుకి ముందే తెంపుకుని మరీ దూకారు. బ్యాంకు అప్పీలుకి వెళ్లింది, జరిమానా మీద ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. ఉత్త ఎఫ్‌డీకి 2020 ఫిబ్రవరి నుంచి అయిదు లక్షల వరకూ బీమా ఉంది. సూపర్ ఎఫ్‌డీకి ఆ పిరికితనం లేదు.

2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద మారటోరియం పడింది. మర్నాటి పునర్నిర్మాణ ముసాయిదాలో ఏటీ-1 బాండ్లు పూర్తిగా రద్దన్నారు. 13న వెలువడిన తుది పథకంలో ఆ ముక్క మాయమైంది. ముక్క మాయమైందే గానీ కత్తి మాయం కాలేదు. 14వ తేదీన 8,415 కోట్ల బాండ్లు సున్నా అయ్యాయి. మరి నష్టం మొదట భరించాల్సిన వాటాదారులో? వాళ్ల షేర్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. వందకి మించి ఉన్నవాళ్లకి మాత్రం ముప్పాతిక వంతు మూడేళ్లపాటు అమ్ముకోవద్దన్నారు. కొడుకులు ఇంట్లోనే ఉన్నారు, అల్లుడు కట్టుబట్టలతో రోడ్డెక్కాడు. తుది పథకంలో లేని పని చేసే అధికారం బ్యాంకుని నడపడానికి పెట్టిన అడ్మినిస్ట్రేటరుకి లేదని బొంబాయి హైకోర్టు 2023 జనవరిలో ఆ రద్దుని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది.

ఈ విడ్డూరం మన దగ్గరే అనుకుని సిగ్గుపడకండి. 2023 మార్చి 19న స్విట్జర్లాండ్‌లో క్రెడిట్ స్వీస్‌ని యూబీఎస్ కొనేసింది. వాటాదారులకి 300 కోట్ల ఫ్రాంకులు ముట్టాయి. 1,600 కోట్ల ఫ్రాంకుల ఏటీ-1 బాండ్లకి గుండుసున్నా. మర్నాడే ఐరోపా సమాఖ్య నియంత్రణ సంస్థలు ‘మా దగ్గర ముందు వాటాలు, తర్వాతే బాండ్లు’ అని హడావిడిగా ప్రకటన ఇచ్చుకున్నాయి. తమ బ్యాంకులు కూడా ఈ బాండ్లు అమ్ముకోవాలిగా!

ఈ రెండు ముచ్చట్ల నడుమ మన సెబీకి ధర్మసందేహం వచ్చింది: గడువే లేని బాండుకి మ్యూచువల్ ఫండ్లు విలువ కట్టేదెలా? వందేళ్ల బాండనుకుని కట్టమని 2021 మార్చి 10న ఆదేశించింది. ఆర్థికశాఖ గుండె ఝల్లుమంది. ఫండ్లు కొనడం మానేస్తే ప్రభుత్వ బ్యాంకులకి మూలధనం ఖజానా నుంచే పోయాలి మరి. ఆదేశం వెనక్కి తీసుకోమని రాసింది. పన్నెండు రోజుల్లో రాజీ కుదిరింది. 2022 మార్చి దాకా పదేళ్లు, తర్వాత ఇరవై, ముప్ఫై, 2023 ఏప్రిల్ నుంచి వంద అన్నారు. కాగితంలో ఒక్క అక్షరం మారకుండా బాండు ఆయుష్షు ఢిల్లీ, ముంబయిల మధ్య ఉత్తరాలతో పెరుగుతూ తరుగుతూ వచ్చింది. ఆయుర్దాయం ఇంత సులువని తెలిస్తే మనమూ అర్జీ పెట్టుకుందుం.

మాస్టార్లకి ఇక భయం లేదట. 2020 అక్టోబరులోనే సెబీ వీటిని పెద్ద సంస్థలకే పరిమితం చేసి, కోటి రూపాయలకి తక్కువ కేటాయింపు కుదరదంది. సంతోషం. అయితే ఆ పెద్ద సంస్థల్లో మ్యూచువల్ ఫండ్లు కూడా ఉన్నాయి, ఆ ఫండ్లలో మాస్టారి సిప్ ఉంది. వీధి గుమ్మం మూశారు, దొడ్డివైపు ఫండు పథకం సొమ్ములో పది శాతం పరిమితితో తెరిచి ఉంచారు.

కాబట్టి ఓ చిన్న విన్నపం. ఇలాంటి కాగితం అమ్మిన ప్రతి మేనేజరుకీ, ఆయన పై మేనేజరుకీ, ఆ పైన ఛైర్మన్‌గారికీ ఇన్సెంటివ్ నగదుగా ఇవ్వకండి. అదే బాండు, అవే షరతులు, అదే ‘అయిదేళ్లనుకోండి’తో ఇవ్వండి. మాస్టారు చదవని టర్మ్ షీటును అప్పుడు వాళ్లే భూతద్దం పెట్టి చదువుతారు. ఇంకా అమ్మడానికి ఎవరైనా మిగిలితే, అప్పుడు కొందాం.