అట్ట మీద ఒక దేశం, చేతిలో ఇంకో దేశం

నేనొక పాస్‌పోర్టుని. 1950లో మెల్‌బోర్న్‌లో పుట్టాను. నన్నిచ్చింది ఆస్ట్రేలియా ప్రభుత్వం; నా అట్ట మీద మాత్రం 'బ్రిటిష్ పాస్‌పోర్టు' అనుంటుంది. మా ఆసామికి అందులో వింతేమీ కనిపించలేదు.

ఆయన ఉన్ని వ్యాపారి. తాతల నాడే ఇంగ్లండ్ వదిలొచ్చిన కుటుంబం. పుట్టిందీ పెరిగిందీ విక్టోరియా పల్లెలోనే. అయినా లండన్ ఓడ ఎక్కుతూ 'ఇంటికెళ్తున్నా' అని అందరికీ చెప్పాడు. అప్పటిదాకా కంటితో చూడని ఇల్లది!

ఆస్ట్రేలియా పౌరసత్వమంటూ ఒకటి 1949 జనవరి 26న మొదలైంది. అంతకుముందు అక్కడివాళ్లంతా బ్రిటిష్ రాజుగారి ప్రజలే. ఆ పొద్దున నిద్రలేచేసరికి మా ఆసామి పౌరుడైపోయాడు. దరఖాస్తు లేదు, ప్రమాణం లేదు. ఆయన పట్టించుకోనూ లేదు. పౌరసత్వం కావాలని అక్కడ ఎవరూ వీధికెక్కలేదు మరి. 1946లో కెనడా సొంత చట్టం చేసుకుంది, ఆ దారిన వీళ్లూ నడిచారు. పౌరుడైనా బ్రిటిష్ ప్రజగానే ఉంటాడని చట్టంలోనే రాసుకున్నారు.

ఆ మాటకొస్తే మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టిన మీ తాతలూ ఆ రాజుగారి ప్రజలే. కానీ వాళ్లు ఆస్ట్రేలియా చేరితే, 1901 నాటి వలస చట్టం చేతిలో పెట్టుకుని, రేవులో అధికారి ఏదో ఒక ఐరోపా భాషలో 50 మాటలు చదివి రాయమనేవాడు. ఏ భాషో ఎంచుకునేది ఆయనే. రాయలేకపోతే వెనక్కే. ఆ పరీక్ష 1958 దాకా ఉంది. ఇక ఆ నేల అసలు వారసులైన ఆదివాసులు 1949లో చట్టరీత్యా పౌరులయ్యారు గానీ, దేశమంతటా వాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు దక్కింది 1962లో. బ్రిటిష్ అంటే ఆ పాలకుల లెక్కలో తెల్లతోలే.

ఆ బ్రిటిష్ మైకం దించింది బ్రిటనే. నా తర్వాత వచ్చిన పాస్‌పోర్టుల అట్టల మీద 'బ్రిటిష్' అన్న మాట 1967లో పోయింది. అదెవరికీ పెద్దగా నొప్పి పుట్టించలేదు. 1973 జనవరి 1న బ్రిటన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది, అదే రోజు కొత్త వలస చట్టమూ అమలు చేసింది. ఆ తర్వాత లండన్‌లో దిగిన మా ఆసామి కొడుకు పరాయివాళ్ల వరసలో నిలబడ్డాడు. తండ్రి ఏ జర్మన్లతో యుద్ధం చేశాడో వాళ్లు పక్క వరసలో చకచకా వెళ్లిపోయారట. తిరిగొచ్చాక అతను చేసిన రభసంతా సొరుగులోంచి విన్నాను.

అప్పట్లో రాణి మాత్రం రెండు దేశాలకూ ఒక్కరే. అయినా 1999లో ఒక సెనేట్ ఎన్నిక కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు తేల్చి చెప్పింది: బ్రిటన్ పరాయి దేశమే, కనీసం 1986 నుంచి.